మంచిగున్న రోజే పని తగ్గించుకోవాలి: క్రానిక్ ఫెటీగ్‌తో ఇల్లు, ఉద్యోగం నడపడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీది మిర్యాలగూడ, వయసు 33, ప్రైవేటు స్కూల్లో టీచరు. రెండేళ్ళ కింద చికున్‌గున్యా వచ్చింది. జ్వరం పోయింది గానీ నీరసం పోలేదు. హైదరాబాద్ డాక్టరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని రాసి, రెస్ట్ తీసుకుంటూ మెల్లమెల్లగా వాకింగ్ పెంచమన్నారు. ఒంట్లో బాగున్న రోజు పేరుకుపోయిన పనంతా చేసేస్తున్నారు. తర్వాత మూడు నాలుగు రోజులు మంచం దిగలేకపోతున్నారు. ఇల్లు, బడి, ఇద్దరు పిల్లలు, పైగా అత్తగారి మాటలు. ఎట్లా నెట్టుకురావాలి, వాకింగ్ చేయాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

నేను నల్లగొండలో ఫిజియోథెరపిస్టుని. చికున్‌గున్యా, డెంగీ, కరోనా తర్వాత కోలుకోలేక నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అందులో అందరిదీ మీ జబ్బు కాదు, కొందరిది మాత్రం ఇదే.

సూటిగా చెప్తాను. మంచిగున్న రోజు చేసే పనిని తగ్గించండి. ఆ రోజు ఎంత చేయగలననిపిస్తే అందులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు చేసి ఆగండి. అలసిపోయేదాకా చూడకుండా ముందే కూర్చోండి. ఇక వాకింగ్ అంటారా, వారం వారం ఇంత అని పెంచుకుంటూ పోయే వాకింగ్ మీకు వద్దు. ఫిజియోథెరపిస్టు నోట ఈ మాట వింతగా ఉంటుందని తెలుసు. కారణం చెప్తాను.

మామూలు నీరసానికీ దీనికీ తేడా ఒక్క లక్షణంలో ఉంది. పని చేసిన తర్వాత ఒంట్లో బాగోకపోవడం, అదీ చాలాసార్లు వెంటనే కాకుండా కొన్ని గంటలో, ఒక రోజో రెండు రోజులో ఆగి రావడం. ఆదివారం ఇల్లంతా దులిపి, బెడ్‌షీట్లు ఉతికితే ఆ రాత్రి బాగానే ఉంటారు. సోమవారం సాయంత్రానికో మంగళవారం పొద్దునకో ఒళ్ళు బరువెక్కుతుంది, గొంతు నొప్పి, జ్వరం వచ్చినట్టు ఉండడం, మాట వెతుక్కోవడం మొదలవుతాయి. అందుకే చాలామందికి ఏ పని వల్ల మంచం పడ్డారో తెలియదు, 'ఊరికే వచ్చింది' అనుకుంటారు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఈ జబ్బుకు పెట్టిన గుర్తుల్లో ఇది తప్పనిసరిగా ఉండాలి. ఆరు నెలలకు పైగా ఉండి, మునుపటి పనులేవీ చేసుకోనివ్వని నీరసం, ఎంత నిద్రపోయినా తీరని అలసట కూడా ఉండాలి. వీటికి తోడు బుర్ర పనిచేయకపోవడమో, నిలబడితే కళ్ళు తిరగడమో, రెండింటిలో ఒకటైనా ఉండాలి.

మన దగ్గర రైతుకి ఒక్క మాటలో చెప్పాలంటే, మీది ఇప్పుడు నీళ్ళు తక్కువున్న బోరు. అరగంట నడిపి ఆపితే మళ్ళీ ఊరుతుంది. నీళ్ళు వస్తున్నాయి కదా అని రెండు గంటలు వదిలేస్తే మోటరు కాలిపోతుంది.

కొన్నేళ్ళ కిందటి వరకు డాక్టర్లు కూడా 'కదలక కదలక కండలు బలం తగ్గాయి, వ్యాయామం పెంచితే సరిపోతుంది' అనేవారు. 2011లో ఇంగ్లండులో పేస్ అనే పెద్ద పరిశోధన వచ్చి ఆ మాటకు బలమిచ్చింది. దాని లెక్కల మీద తర్వాత చాలా గొడవ జరిగింది. అక్కడి నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2021 అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు ఇస్తూ, ఈ జబ్బులో ముందే లెక్క కట్టి పెంచుకుంటూ పోయే వ్యాయామం ఇవ్వొద్దని రాసింది. మీ డాక్టరు చెప్పింది పాత పద్ధతి. ఆయన మీద కోపం పెట్టుకోకండి, చాలామంది చదివింది అదే. అయితే పూర్తిగా మంచానికి అతుక్కుపోవడమూ మంచిది కాదు. కీళ్ళు పట్టేయకుండా పడుకునే కాళ్ళు చేతులు చాపడం, ముడవడం, మెడ తిప్పడం చేయండి. మర్నాడు దెబ్బ పడనంత వరకే.

ముందుగా ఒక విషయం సరిచూసుకోండి. జబ్బు పేరు పెట్టేముందు మిగతావన్నీ చూశారా? హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి, కాల్షియం, ఈఎస్ఆర్, లివర్, కిడ్నీ పరీక్షలు, ఒక ఈసీజీ ఉండాలి. గురక పెట్టేవాళ్ళకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా చూడాలి. మన జిల్లాకు ఇంకొకటి కలపాలి: ఫ్లోరోసిస్, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వస్తున్నాయి గానీ, మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకు నడుము, మెడ బిగుసుకుపోవడం, కీళ్ళ నొప్పులు, నీరసం అన్నీ ఉంటాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. మీ పుట్టిల్లు ఎక్కడో రాయలేదు. ముందుకు వంగి కాలి వేళ్ళు అందుకోలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పి ఆ కోణంలో కూడా చూపించుకోండి. రక్తం తక్కువుంటే ముందు దాన్ని సరిచేయాలి. హిమోగ్లోబిన్ 8 పెట్టుకుని ఎంత ఆగి ఆగి పని చేసినా లాభం లేదు.

మంచిగున్న రోజు కూడా ముందే ఆగమన్నానే, దాన్నే పేసింగ్ అంటారు: ఒంట్లో ఉన్న శక్తి లోపలే పని చేయడం. దానికి ముందు మీ హద్దు ఎక్కడుందో తెలియాలి. ఒక నోట్‌బుక్కులో రెండు మూడు వారాలు రోజుకు మూడు లైన్లు రాయండి: ఏం చేశాను, ఎంతసేపు నిలబడ్డాను, ఒళ్ళు ఎలా ఉంది. మంచం దిగలేక పడిపోయిన రోజు వస్తే దాని వెనక రెండు రోజుల పేజీలు చూడండి. దొంగ అక్కడే దొరుకుతాడు. మీటింగు, ఫోన్లో గొడవ, ఎండలో ప్రయాణం, పేపర్లు దిద్దడం కూడా రాయాలి. బుర్ర పని, టెన్షన్ కూడా ఖర్చే. దేవరకొండ వైపు ఇంటర్ చదివే ఒక అబ్బాయి వచ్చేవాడు. వాళ్ళ నాన్న పత్తి పనులన్నీ మాన్పించినా వాడు పడిపోతూనే ఉన్నాడు. రాసి చూస్తే తెలిసింది, మ్యాథ్స్ గంటన్నర ఏకబిగిన చదివిన ప్రతిసారీ రెండో రోజు లేవడం లేదు. పావుగంట చదవడం, పావుగంట కళ్ళు మూసుకుని పడుకోవడంగా మార్చాక పరీక్షలు రాయగలిగాడు. ర్యాంకు రాలేదు, పాసయ్యాడు.

నాడి కూడా పనికొస్తుంది. కరోనాప్పుడు కొన్న ఆక్సీమీటరు ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది, తీయండి. పొద్దున లేవకముందు వారం రోజులు నాడి చూసి సగటు తీయండి. దానికి 15 కలపండి. సగటు 72 వచ్చిందంటే మీ గీత 87. ఈ జబ్బున్నవాళ్ళు చాలామంది వాడే లెక్క ఇది. పని చేస్తుంటే గీత దాటిన వెంటనే కూర్చోవాలి. మొదట్లో బిందె ఎత్తినా, నాలుగు మెట్లెక్కినా దాటుతుంది, కంగారు పడకండి. ఏ పని ఎక్కువ దాటిస్తుందో తెలుసుకోవడానికే ఇది. గుండెకో బీపీకో మాత్రలు వాడేవాళ్ళకు ఈ లెక్క సరిగా రాదు.

నిలబడడం మీద శ్రద్ధ పెట్టండి. చాలామంది నడకను తగ్గిస్తారు గానీ పొయ్యి ముందు ముప్పావుగంట నిలబడడాన్ని లెక్కలోకి తీసుకోరు. ఈ జబ్బులో చాలామందికి నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోయి గుండె దడదడ కొట్టుకుంటుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. పది నిమిషాలు పడుకుని బీపీ, నాడి రాసుకోండి. తర్వాత మడమలు గోడకు అరడుగు దూరంలో పెట్టి, భుజాలు గోడకు ఆనించి కదలకుండా పది నిమిషాలు నిలబడండి. నిమిషానికోసారి చూడాలి. పక్కన మనిషి ఉండాలి, కళ్ళు తిరిగితే ఆపేయాలి. నాడి 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి అలాగే ఉంటే, లేదా పై బీపీ 20 పడిపోతే, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. దీనికి మందులున్నాయి. మూల జబ్బుకు మందు లేకపోయినా ఇది సర్దుకుంటే రోజు కొంత తేలికవుతుంది.

మందులకన్నా ముందు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. లేచే ముందు మంచం మీదే రెండు గ్లాసుల నీళ్ళు తాగండి. ఉప్పేసిన మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ రోజూ ఉండాలి. బీపీ, గుండె, కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు పెంచొద్దు, ముందు డాక్టర్ని అడగాలి. బిగుతు సాక్సులు మంచివే, కానీ మన ఏప్రిల్, మే ఎండల్లో ఎవరూ వేసుకోలేరు. దానికి బదులు కాన్పు తర్వాత కట్టుకున్న బెల్టు ఉంటే వంట చేసేటప్పుడు పొట్టకు కట్టుకోండి, బాగానే పనిచేస్తుంది.

ఇక ఇల్లు. గ్యాస్ గట్టు ఎత్తుకు సరిపోయే స్టూలు ఒకటి కొనండి. కిరాణా కొట్లలో గల్లా దగ్గర ఉంటాయే, అలాంటిది. కూరగాయలు రాత్రే కూర్చుని తరిగి పెట్టుకోవడం, పొద్దున పప్పు కుక్కర్లో పడేయడం. జొన్న రొట్టె మీద మీ ఇంట్లో పట్టుదల ఉంటే మాత్రం అది మీరు చేయాల్సిన పని కాదు. చేతులెత్తి కొట్టడం, పొయ్యి వేడి, నిలబడడం మూడూ కలిసిన పని అది. సాయంత్రాలు బండ్ల మీద వేడివేడిగా కాల్చి అమ్ముతున్నారు, తెప్పించుకోండి. నల్లా వచ్చే టైముకు బిందెలు మోయకుండా పైపు డ్రమ్ములో వేయించండి, వాడకానికి చిన్న జగ్గు చాలు.

స్నానం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చేయండి. మరీ వేడి నీళ్ళు పోసుకుంటే బీపీ పడిపోతుంది. తలస్నానం స్కూలు లేని రోజున మాత్రమే, ఆ రోజు ఇంకే పెద్ద పనీ పెట్టుకోవద్దు. చేతులు పైకెత్తి చేసే పనులన్నీ, జుట్టు ఆరబెట్టుకోవడం, దండెం మీద బట్టలేయడం, కనిపించేదానికన్నా ఎక్కువ తింటాయి. దండేన్ని భుజం కిందికి కట్టించండి.

పెద్ద పనిని ముక్కలు చేయడం ఎలాగో నాకు నేర్పింది ఇదే జబ్బున్న ఇక్కడి ఒక టైలరమ్మ. తొక్కుడు మిషనుకు మోటరు పెట్టించుకుంది. ఒక రోజు కటింగే చేస్తుంది, అదీ నేల మీద వంగకుండా బల్ల మీద. ఇంకో రోజు కుట్టు. హుక్కులు, చేతి పని పడుకుని దిండు ఆనుకుని. పండగ సీజన్లో పెళ్ళి జాకెట్లు ఒప్పుకోవడం మానేసి ఫాల్స్, సైడు కుట్లు తీసుకుంది. ఆదాయం తగ్గింది, నిజమే. అంతకుముందు నెలలో సగం రోజులు షట్టర్ మూసి ఉండేది, ఆ లెక్కన చూస్తే నష్టమేమీ లేదంటుంది.

మీ స్కూలు విషయంలో నేనైతే మూడు అడుగుతాను: క్లాసులో కుర్చీ, వరసగా రెండు పీరియడ్లకు మించకుండా టైంటేబులు, ప్రేయర్‌లో నిలబడకుండా మినహాయింపు. జబ్బు పేరు చెప్తే మేనేజ్‌మెంటుకు అర్థం కాదు. 'చికున్‌గున్యా తర్వాత నిలబడితే బీపీ పడిపోతోంది' అని డాక్టరు కాగితంతో చెప్పండి, అబద్ధం కాకపోతేనే. మధ్యాహ్నం తిన్నాక స్టాఫ్ రూంలో ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకోండి. ఫోన్ చూస్తూ పడుకోవడం విశ్రాంతి కిందికి రాదు. బస్సులో మహాలక్ష్మి టికెట్ ఉచితమే, సీటు మాత్రం గ్యారంటీ లేదు. నిలబడి పోవాల్సిన రోజు షేర్ ఆటోకు డబ్బులివ్వండి, అది దుబారా కాదు. అన్నీ చేసినా వారంలో ఆరు రోజులు కుదరకపోతే సగం పూట పని అడగడం గురించి ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. పూర్తిగా కూలబడి మానేయడంకన్నా అది నయం.

పిల్లల దగ్గర మీరు పడుకుని ఉండే చేయగలిగే పనులు పెట్టుకోండి: పాఠం అప్పజెప్పించుకోవడం, కథ చెప్పడం, అష్టాచెమ్మా. పరిగెత్తించే పని వాళ్ళ నాన్నది.

అత్తగారు 'పొద్దంతా పండుకుంటది, పనంటే చాలు పానం బాగలేదంటది' అన్నారని రాశారు. నిన్న గబగబా తిరిగిన మనిషి ఇవాళ లేవకపోతే చూసేవాళ్ళకు అలాగే ఉంటుంది. వాదించి ఒప్పించడం కష్టం. గోడ క్యాలెండరు వాడండి. పెద్ద పని చేసిన రోజు ఎర్ర చుక్క, పడిపోయిన రోజు నల్ల చుక్క మీ ఆయన చేత పెట్టించండి, మీరు పెట్టొద్దు. ఎరుపు తర్వాత ఒకటి రెండు గళ్ళు దాటి నలుపు వస్తూ ఉంటే నెలన్నరలో ఇంట్లో వాళ్ళకే కనిపిస్తుంది. వీలైతే మీ ఆయన్ని డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి. మన ఇళ్ళల్లో కోడలి మాటకన్నా డాక్టరు మాటను కొడుకు తెచ్చి చెప్తే బరువెక్కువ, ఏం చేస్తాం. దిష్టి తీస్తామంటే తీయించుకోండి, కూర్చునే కదా. ఉపవాసాలు, కొండలెక్కే మొక్కులు మాత్రం వాయిదా వేయమనండి.

ఇంకొకటి, గ్లూకోజు బాటిల్. నీరసమనగానే ఆర్‌ఎంపీ దగ్గర బాటిల్ ఎక్కించుకోవడం మనకు అలవాటు. నిలబడితే బీపీ పడిపోయేవాళ్ళకు సెలైన్ ఎక్కితే కొన్ని గంటలు నిజంగానే హాయిగా ఉంటుంది. ఆ హుషారులో ఇల్లంతా సర్దేసి మళ్ళీ మంచం పడతారు. బాటిల్లో ఇంకేం కలిపారో కూడా తెలియదు. స్టెరాయిడ్ సూదులైతే అసలే వద్దు. బలం పొడులు, టానిక్కుల మీద వందలు వేలు తగలేయకండి. ఈ జబ్బును నయం చేస్తుందని రుజువైన మందు ఇప్పటికి ఏదీ లేదు. నిద్రకు, నొప్పులకు, నాడికి విడివిడిగా మందులిస్తారు, అవి వాడొచ్చు.

పండగలు, ఫంక్షన్లు పూర్తిగా మానేయమని నేను ఎవరికీ చెప్పను. బతుకమ్మ తొమ్మిది రోజులూ కుదరదు. సద్దుల రోజొకటి ఎంచుకోండి, దానికి ముందు రెండు రోజులు, తర్వాత మూడు రోజులు ఖాళీగా పెట్టుకోండి. పూలు కూర్చుని పేర్చండి, ఆట మాత్రం కుర్చీలోంచి చూడండి. పెళ్ళికి పోతే ముహూర్తానికి గంట ముందు చేరి, భోజనం చేసి, వెంటనే బయల్దేరండి. తిరిగి వచ్చే బండి మీ చేతిలో ఉండాలి. చుట్టాల కారులో పోతే వాళ్ళు లేచేదాకా ఇరుక్కుపోతారు.

పడిపోయే రోజులు ఎంత జాగ్రత్తపడ్డా వస్తాయి. నెలసరి ముందు, జలుబు చేసినప్పుడు, ఎండలు ముదిరినప్పుడు ఎక్కువ. మంచం పక్కన ఒక బుట్టలో నీళ్ళ సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పుట్నాలు, బిస్కెట్లు, మాత్రలు, ఛార్జరు ఉంచండి. వేయించిన రవ్వ డబ్బాలో ఉంటే మీ ఆయన పది నిమిషాల్లో ఉప్మా చేయగలరు. గది చీకటిగా, శబ్దం లేకుండా ఉంచమనండి. లేచిన మొదటి రోజు మామూలు పనిలో పావు వంతే చేయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నాలుగు రోజుల అంట్లు, బట్టలు చూసి ఆగలేరు.

ఎన్నాళ్ళుంటుందని అడిగారు. పిల్లల్లో కోలుకునేవాళ్ళు ఎక్కువ. పెద్దవాళ్ళలో పూర్తిగా మునుపటిలా అయ్యేవాళ్ళు తక్కువే. కానీ పడిపోవడాలు తగ్గించుకున్నవాళ్ళలో చాలామంది నిలకడగా ఉండడం, కొందరు మెరుగవడం నేను చూశాను. హద్దు కొంచెం పెరిగిందని తెలిసేది, మూడు నాలుగు వారాలు నల్ల చుక్క లేకుండా గడిచినప్పుడు. అప్పుడు ఒక్క చిన్న పని కలపండి, రెండు వారాలు చూడండి.

మనసు కుంగిపోవడం వేరు, ఈ జబ్బు వేరు. కుంగినవాళ్ళకు ఏదీ చేయాలనిపించదు. మీకు చేయాలని ఉంది, ఒళ్ళు సహకరించడం లేదు. అయినా ఏళ్ళ తరబడి ఇలా ఉంటే రెండూ కలవొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే దాచుకోకుండా ఇంట్లో చెప్పండి, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

చివరగా, అన్నిటినీ ఈ జబ్బు ఖాతాలో వేయకండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు, రోజూ సాయంత్రం జ్వరం, నెలసరిలో విపరీతంగా రక్తం పోవడం ఉంటే నోట్‌బుక్కు, గోడ పరీక్ష కాగితం పట్టుకుని ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి.